డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌లు తీసేస్తే ప్రోగ్రాములు పోతాయా?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు: అక్కర్లేని షార్ట్‌కట్‌లు తీసేస్తే ప్రోగ్రాములు కూడా పోతాయా, కొన్నింటిని తీయబోతే విండోస్ అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఎందుకు అడుగుతోంది, తీసినవి కొన్నాళ్ళకు మళ్ళీ ఎందుకు ప్రత్యక్షమవుతున్నాయి. మొదటిదానికి జవాబు చిన్నదే. పోవు. ఐకాన్‌కు ఎడమ వైపు కింది మూలన చిన్న వంపు బాణం ఉంటే అది షార్ట్‌కట్; దాని మీద కుడి క్లిక్ చేసి డిలీట్ నొక్కవచ్చు, లేదా ఎంచుకుని కీబోర్డు మీది డిలీట్ మీట నొక్కవచ్చు. సాధారణంగా కొద్ది కిలోబైట్లు మాత్రమే ఉండే ఆ ఫైల్‌లో ప్రోగ్రాము ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామా, ఏ బొమ్మ చూపించాలన్న వివరం వంటివి తప్ప ప్రోగ్రాము ఉండదు. కనుక డిస్కులో చోటు ఖాళీ అవుతుందన్న ఆశతో తీస్తుంటే ఆ ఆశ వదులుకోండి. చోటు కావాలంటే సెట్టింగ్స్‌లోని యాప్స్ విభాగానికి వెళ్ళి ప్రోగ్రామునే అన్‌ఇన్‌స్టాల్ చేయాలి.

బాణం లేని ఐకాన్ దగ్గర మాత్రం ఆగండి. అది మీరు దాచుకున్న అసలు ఫైలో, ఫోల్డరో కావచ్చు. దాన్ని తీస్తే అసలుకే ఎసరు వస్తుంది. దిస్ పీసీ, రీసైకిల్ బిన్ వంటివి ఇంకొక జాతి. వాటిని తీయడానికి సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో థీమ్స్, అక్కడ డెస్క్‌టాప్ ఐకాన్ సెట్టింగ్స్ తెరిచి టిక్కు తీసేస్తే చాలు. ఆ బాణం చూడ్డానికి బాగాలేదని రిజిస్ట్రీని, అంటే విండోస్ తన లోపలి అమరికలు రాసుకునే పట్టీని, మార్చి తొలగించుకునేవారు కొందరున్నారు. ఏది ఫైలో, ఏది షార్ట్‌కట్టో తేల్చి చెప్పే ఒక్క గుర్తునూ అందం కోసం చెరిపేసుకోవడం నాకు ఎంతమాత్రం మింగుడుపడదు.

రెండో ప్రశ్నకు జవాబు మా మేనమామగారి ఎరువుల దుకాణంలో నా కళ్ళ ముందే, కచ్చితంగా చెప్పాలంటే నా ఫోనులో, నడిచింది. పొన్నూరు ప్రాంతంలో సార్వా నాట్లు పడే రోజులవి. యూరియా అమ్మకం ఈ-పాస్ యంత్రంలో వేలిముద్రతో నడిచిపోతుంది గాని, పురుగుమందుల బిల్లులు, రైతుల అప్పుల ఖాతాలు అన్నీ కంప్యూటర్‌లోని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండేవి. ఆ కంప్యూటర్‌లో మావయ్యకు ఒక ఖాతా, గోడౌన్ సరుకు లెక్కలు చూసుకునే గుమాస్తాకు ఇంకొక ఖాతా. గుమాస్తా తన ఖాతాలో వేంకటేశ్వరస్వామి పటాన్ని వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడు. కంప్యూటర్‌తో పాటు వచ్చినవి, ఎవరో ఎప్పుడో ఎక్కించినవి కలిసి ఐకాన్లు ఎడమ అంచు నుంచి వరుసలు కట్టి, స్వామివారి చక్రాన్ని కప్పేసి, కిరీటం మీదికి ఎక్కాయి. అది మహాపచారమనిపించి, ఒక సాయంత్రం అతడు తన పనికి అక్కర్లేనివన్నీ ఏరి డిలీట్ చేశాడు. మధ్యలో విండోస్ అనుమతి అడిగితే, కౌంటర్‌లో రైతులతో మాట్లాడుతున్న మావయ్య అటు వంగి, అదేమిటో చదవకుండానే పాస్‌వర్డ్ కొట్టి ఇటు తిరిగారు.

మర్నాడు ఉదయం మావయ్య తన ఖాతా తెరిస్తే బిల్లింగ్ ఐకాన్ లేదు. దుకాణం ముందు రైతులు బారులు తీరి ఉన్నారు. నాకు ఫోను వచ్చేసరికే కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఒరేయ్ అల్లుడూ, బిల్లుల సాఫ్ట్‌వేర్ ఎగిరిపోయిందిరా. విండోస్ పాడైంది, ఫార్మాట్ కొట్టాలంటున్నాడు ఇతను. సాయంత్రానికల్లా ఇస్తాడట."

"మావయ్యా, ముందు ఆ అబ్బాయిని టీ తాగి రమ్మనండి. మీరు కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీట నొక్కి, ఆ సాఫ్ట్‌వేర్ పేరు టైపు చేయండి."

మావయ్య ఒక్కో అక్షరాన్ని పైకి చదువుకుంటూ, చూపుడువేలితో వెతికి వెతికి కొట్టారు. పేరు సగమైనా పూర్తికాకముందే ప్రోగ్రాము కనిపించింది. తెరిస్తే ముందురోజు సాయంత్రం కొట్టిన చివరి బిల్లు వరకు చెక్కుచెదరకుండా ఉంది. "అంటే బోర్డు ఊడిపోతే సరుకంతా పోయిందని ఏడ్చామన్నమాట" అని మావయ్యే తేల్చేశారు. ఆ ఖాతాలన్నీ సి డ్రైవ్‌లోనే ఉన్నాయి, బ్యాకప్ ఎప్పుడు తీశారో ఆయనకే గుర్తులేదు. ఫార్మాట్ జరిగి ఆ డ్రైవ్ అంతా చెరిగిపోయి ఉంటే ఆ ఏడాది ఎవరెవరు ఎంతెంత బాకీ ఉన్నారో ఆ రైతులనే అడిగి రాసుకోవలసి వచ్చేది.

మన ఊళ్ళలో ఫార్మాట్‌కు గురవుతున్న కంప్యూటర్లలో అధిక భాగం ఇలా ఏ జబ్బూ లేకుండా ఆపరేషన్ బల్ల ఎక్కినవేనని నా గట్టి నమ్మకం. ఐకాన్ కనిపించకపోయినా ఫార్మాటే, ప్రింటర్ పలకకపోయినా ఫార్మాటే. రోగమేమిటో కనుక్కోవడానికి ఓపిక కావాలి, ఫార్మాట్‌కు పెన్‌డ్రైవ్ ఒకటుంటే చాలు. పైగా ఓపికకు ఎవరూ డబ్బు ఇవ్వరు, ఫార్మాట్‌కు ఇస్తారు. ఆ కుర్రాణ్ని ఒక్కణ్నే తప్పుపట్టి లాభం లేదు.

ఇక గుమాస్తా తన ఖాతాలో తీసింది మావయ్య ఖాతాలో ఎందుకు మాయమైందంటే, మనకు ఒక్కటిగా కనిపించే డెస్క్‌టాప్ నిజానికి రెండు ఫోల్డర్ల కలయిక. ఒకటి మీ యూజర్ పేరు కింద ఉండే మీ సొంత డెస్క్‌టాప్ ఫోల్డర్. రెండోది సి డ్రైవ్‌లో యూజర్స్ కింద, పబ్లిక్ అనే ఫోల్డర్‌లో దాగి ఉండే ఉమ్మడి డెస్క్‌టాప్. అందులో ఉన్నది ఆ కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరి తెర మీదా కనిపిస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అందరికీ అన్న పద్ధతిలో ఎక్కించిన ప్రోగ్రాములు తమ షార్ట్‌కట్‌ను సాధారణంగా ఈ ఉమ్మడి ఫోల్డర్‌లోనే పెడతాయి. మీ సొంత ఫోల్డర్‌లోది తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఉమ్మడి ఫోల్డర్‌లోది తీస్తే అందరికీ పోతుంది కనుక విండోస్ అడ్మినిస్ట్రేటర్‌ను అడుగుతుంది. మీ కంప్యూటర్ అడుగుతున్నదీ అందుకే. అది వైరస్ కాదు, కంగారుపడకండి. ఏది ఎక్కడుందో తెలియాలంటే ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిచి, జనరల్ ట్యాబ్‌లో లొకేషన్ అన్నచోట చూడండి. పబ్లిక్ అన్న మాట కనిపిస్తే, ఇంట్లో ఆ కంప్యూటర్ వాడే మిగతావారికి ఒక మాట చెప్పి అప్పుడు తీయండి. ఆఫీసు కంప్యూటర్ అయితే అక్కడ చూసుకునేవారికే చెప్పాలి. మీరు డెస్క్‌టాప్‌ను వన్‌డ్రైవ్‌కు, అంటే ఫైళ్ళను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవకు, అనుసంధానం చేసి ఉంటే ఇంకొక చిక్కు ఉంది: మీ సొంత ఫోల్డర్‌లో ఒక కంప్యూటర్ మీద తీసినది అదే ఖాతా ఉన్న రెండో కంప్యూటర్ మీదా పోతుంది, అలాగే అక్కడి షార్ట్‌కట్‌లు ఇక్కడికి వచ్చి, ఇక్కడ ఆ ప్రోగ్రామే లేనందున, నొక్కినా పలకని ఐకాన్లుగా మిగిలిపోతాయి. వాటిని తీసేముందు రెండో కంప్యూటర్‌లో పని ఉందేమో చూసుకోండి.

మీ మూడో ప్రశ్న దగ్గరే నాకు కోపం వస్తుంది. తీసిన షార్ట్‌కట్ మళ్ళీ వచ్చిందంటే, ఆ ప్రోగ్రాము తనను తాను అప్‌డేట్ చేసుకున్నప్పుడల్లా డెస్క్‌టాప్ మీద ఐకాన్ ఉందా లేదా అని చూసి, లేకపోతే కొత్తది పెట్టేలా దాని తయారీదారులు రాసి ఉంటారు. ఇంటి యజమాని వద్దని తీసి అవతల పెట్టినదాన్ని మళ్ళీ తెచ్చి నట్టింట పెట్టే అధికారం వారికి ఎవరిచ్చారు? ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డెస్క్‌టాప్ షార్ట్‌కట్ కావాలా అన్న ప్రశ్నకు ముందే టిక్కు పెట్టి ఉంచడం కూడా ఈ కోవలోదే. మనవాళ్ళు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతారని వారికి బాగా తెలుసు. ఆ ప్రోగ్రాము మీకు అక్కర్లేనిదైతే షార్ట్‌కట్‌తో కుస్తీ పట్టకుండా అన్‌ఇన్‌స్టాల్ చేసి పారేయండి. కావలసినదే అయితే దాని సొంత సెట్టింగ్స్‌లో ఐకాన్ మళ్ళీ పెట్టకుండా ఆపే మీట ఏమైనా ఉందేమో వెతకండి. లేకపోతే అప్‌డేట్ అయినప్పుడల్లా తీసుకోవడమే. రోజూ వాడేవాటిని టాస్క్‌బార్‌కు పిన్ చేసుకుంటే డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌ల అవసరమే సగం తీరిపోతుంది.

ఈ పని చేసిపెడతామంటూ తిరిగే క్లీనర్ సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం వెళ్ళకండి. తెర శుభ్రం చేస్తానని వచ్చి ముందుగా తన ఐకాన్‌నే తెర మీద పెట్టేదాన్ని ఏమని నమ్మాలి? ఈ విషయంలో పాతకాలపు విండోస్ ఎక్స్‌పీయే నయం. 2001లో వచ్చిన ఆ విండోస్‌లో డెస్క్‌టాప్ క్లీనప్ విజార్డ్ అని ఒకటి ఉండేది. అది అరవై రోజులకోసారి పలకరించి, వాడని షార్ట్‌కట్‌లను చెరిపేయకుండా వేరే ఫోల్డర్‌లోకి మార్చి పెట్టేది. అప్పట్లో దాన్ని విసుక్కున్నవారే ఎక్కువ గాని, అడిగి చేయడం, చేసినదాన్ని వెనక్కి తీసుకునే వీలుంచడం అనే రెండు మర్యాదలూ దానికి ఉండేవి.

ఈ పద్ధతినే మీరు చేత్తో పాటించవచ్చు. డెస్క్‌టాప్ మీద కొత్త ఫోల్డర్ ఒకటి పెట్టి, అనుమానమున్న షార్ట్‌కట్‌లన్నీ అందులోకి లాగండి. ఒక నెల వాటి కోసం ఎవరూ వెతుక్కోకపోతే ఫోల్డర్‌తో సహా డిలీట్ చేయండి. ఆ తర్వాత ఎప్పుడైనా ఒకటి మళ్ళీ కావలసి వస్తే, స్టార్ట్ మెనూలో ఆ ప్రోగ్రాము పేరు వెతికి, దాని మీద కుడి క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కండి. తెరుచుకున్న ఫోల్డర్‌లో దాని మీద మళ్ళీ కుడి క్లిక్ చేసి, సెండ్ టు, అందులో డెస్క్‌టాప్ ఎంచుకుంటే సరిపోతుంది. విండోస్ 11లో సెండ్ టు వెంటనే కనిపించదు. ముందు షో మోర్ ఆప్షన్స్ నొక్కాలి.