నీలం టోపీ మీద ఎల్‌ఏ ఎందుకుంటాది?

ప్రశ్న: అన్నా, మావాడు టవర్ క్లాక్ కాడ ఎల్‌ఏ అని రాసుండే నీలం టోపీ కొన్నాడు, డాడ్జర్స్ అని బేస్‌బాల్ టీమ్‌దంట. డాడ్జర్స్ అంటే తప్పించుకునేటోళ్ళు కదా, దేన్నుంచి తప్పించుకుంటాండారు?
- ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: ట్రామ్ బండ్ల నుంచి సామీ! ఈ టీమ్ పుట్టింది 1883లో, న్యూయార్క్ పక్క బ్రూక్లిన్‌లో. అక్కడ కరెంటు ట్రామ్‌లొచ్చినాక జనం వాటికింద పడకుండా ఎగిరి దుముకుతా రోడ్డు దాటేవాళ్ళు, అట్ల ఎగతాళిగా పడిన పేరు టీమ్‌కి అంటుకుపోయింది (సాయంత్రం సప్తగిరి సర్కిల్ దాటే మనకీ పెట్టొచ్చు ఆ పేరు).

నన్నడిగితే వీళ్ళ అసలు గొప్ప 1947లో జాకీ రాబిన్సన్‌ను దింపడం, అంతకుముందు దగ్గర దగ్గర అరవై ఏండ్లు పెద్ద లీగుల్లో నల్లజాతి ఆటగాళ్ళని రానీలేదు మరి. ఆయన మీది గౌరవంతో ఆయన జెర్సీ నంబర్ 42ని ఇంకెవరికీ ఇవ్వకుండా 1997లో అన్ని టీమ్‌లూ పక్కన పెట్టేసినాయి. బ్రూక్లిన్‌లో ఉండగా వరల్డ్ సిరీస్ (అక్కడి బేస్‌బాల్ ఫైనల్) గెలిచింది ఒక్కసారే, 1955లో, అంతవరకు ఓడినప్పుడల్లా "వచ్చే ఏడు చూద్దాంలే" అనుకోడమే అక్కడి ఫ్యాన్స్ పని. తీరా గెలిచినాక, కొత్త స్టేడియంకి కోరుకున్న స్థలం కుదరక ఓనర్ వాల్టర్ ఓమాలీ 1957 సీజన్ అయిపోతానే టీమ్‌ను లాస్ ఏంజిలిస్‌కి ఎత్తుకుపోయాడు. టోపీ మీద బీ పోయి ఎల్‌ఏ వచ్చింది, పేరు మాత్రం మారలే.

మీవాడి టోపీ ఉతికేటప్పుడు వేరేగా నానబెట్టండి, రంగు దిగుతాది!