లోగో దగ్గర ఆగిన ఫోన్‌కి బూట్‌లోడర్ అన్‌లాక్ మందా?

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే దారిలో ఉన్నాయి. ఫోన్ ఆన్ కావడంలో ఏదో తేడా వస్తుంది, ఎవరో ఒకరు "బూట్‌లోడర్ అన్‌లాక్ చేసెయ్, అదే సర్దుకుంటుంది" అంటారు, అక్కడి నుంచి టెన్షన్ మొదలు. బూట్‌లోడర్ అంటే ఫోన్ ఆన్ కాగానే ముందు లేచి, తర్వాత సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్. నా మాట ముందే చెప్పేస్తున్నాను: అన్‌లాక్ చేయడం రిపేరు కాదు. కంపెనీది కాని సాఫ్ట్‌వేర్ కూడా వేసుకోవడానికి ఫోన్ ఇచ్చే అనుమతి, అంతే. ఆగిపోయిన ఫోన్ ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే, అది తెలియకుండా ఏ కమాండ్ కొట్టినా ఉన్నది పోగొట్టుకునే ప్రమాదమే ఎక్కువ.

ప్రశ్న: రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే ఫోన్ లోగో చూపించి, ఆరిపోయి, మళ్లీ లోగో చూపిస్తోంది. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి సాఫ్ట్‌వేర్ మళ్లీ వేస్తే బాగవుతుందని స్నేహితుడు అంటున్నాడు. అమ్మ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, బ్యాకప్ లేదు. చేయమంటారా?

జవాబు: చేయొద్దండి. ఆ ఫొటోలు కావాలంటే అస్సలు వద్దు. అన్‌లాక్‌కి మీరు సరే అన్న మరుక్షణం ఫోన్ లోపలి డేటా మొత్తం తుడిచేస్తుంది. ఇది కావాలని పెట్టిన ఏర్పాటు. అది లేకపోతే ఫోన్ కొట్టేసినవాడు బూట్‌లోడర్ తెరిచి, తన సాఫ్ట్‌వేర్ ఎక్కించి, మీ డేటా మీద ప్రయత్నాలు మొదలుపెట్టొచ్చు. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాన్ని విప్పే తాళాలు ఆ ఫోన్‌లోని చిప్‌తోనూ మీ పిన్‌తోనూ ముడిపడి ఉంటాయి, కాబట్టి మెమరీ చిప్ ఊడదీసి వేరే చోట పెట్టి ఫొటోలు లాగేస్తామనేవాళ్ల మాట కూడా నమ్మకండి.

అసలు మీ స్నేహితుడు చెప్పింది చేద్దామన్నా చాలా ఫోన్లలో కుదరదు. ముందు సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్ అనే మెనూలో ఓఈఎం అన్‌లాకింగ్ అనే స్విచ్ ఆన్ చేసి ఉండాలి, సెట్టింగ్స్ దాకానే వెళ్లలేని ఫోన్‌లో దాన్ని ఎలా ఆన్ చేస్తారు?

మరి ఏం చేయాలంటే, ముందు ఫోన్‌ని ఓ గంట ఛార్జింగ్‌లో ఉంచండి, బ్యాటరీ నీరసించినా ఇలా లోగో దాకా వచ్చి ఆరిపోతుంది. తర్వాత పవర్ బటన్ అర నిమిషం పాటు వదలకుండా నొక్కి పట్టండి. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన పద్ధతి ప్రకారం చాలా ఫోన్లలో సిస్టమ్‌కి రెండు కాపీలు ఉంటాయి, వాటిని ఏ స్లాట్, బీ స్లాట్ అంటారు. అప్‌డేట్ వాడకంలో లేని స్లాట్‌లోకి వెళ్తుంది. ఆ కొత్తది కొన్నిసార్లు ప్రయత్నించినా లేవకపోతే బూట్‌లోడర్ దాన్ని పక్కనపెట్టి పాత స్లాట్‌తో ఆన్ చేయాలి. అందుకే లోగో రెండుమూడుసార్లు వచ్చిపోగానే కంగారుపడి ఏదో ఒకటి నొక్కెయ్యకుండా దాన్ని కాసేపు వదిలేయండి, ఒక్కోసారి అదే లేస్తుంది.

లేవకపోతే రికవరీ మోడ్‌లోకి, అంటే సిస్టమ్ లేవనప్పుడు సర్దుబాటు పనులకి ఉండే చిన్న మెనూలోకి వెళ్లండి. ఏ బటన్లు కలిపి నొక్కాలో కంపెనీని బట్టి మారుతుంది, కొత్త శామ్‌సంగ్ ఫోన్లయితే కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి ఉంటేగానీ రికవరీ తెరవవు. అక్కడ 'ట్రై ఎగైన్' కనిపిస్తే అది నొక్కండి. దాని పక్కనే ఉండే 'ఫ్యాక్టరీ డేటా రీసెట్' మీద మాత్రం వేలు పెట్టకండి, ఆ రెండూ తెర మీద పక్కపక్కనే ఉంటాయి, కంగారులో తప్పు నొక్కినవాళ్లు చాలామంది. 'అప్లై అప్‌డేట్ ఫ్రమ్ ఏడీబీ' అనే వరుస ఉందంటే మీకు మంచి దారి దొరికినట్టే. ఏడీబీ అంటే కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే టూల్. కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న పూర్తి ఓటీఏ ఫైల్‌ని, అంటే అప్‌డేట్ ఫైల్‌ని, కంప్యూటర్ నుంచి 'ఏడీబీ సైడ్‌లోడ్' కమాండ్‌తో పంపొచ్చు, బూట్‌లోడర్ లాక్‌లో ఉన్నా ఇది పనిచేస్తుంది, డేటా చెరిగిపోదు. ఫైల్ మాత్రం మీ మోడల్‌దే అయి ఉండాలి, ఫోన్‌లో ఉన్న వెర్షన్ కంటే పాతది కాకూడదు. పిక్సెల్ ఫోన్లకి గూగులే ఈ ఫైళ్లని బయట పెడుతుంది. అందరూ అలా ఇవ్వరు, అప్పుడు సర్వీస్ సెంటరే గతి. అక్కడ ఫోన్ ఇచ్చేటప్పుడు డేటా చెరపకుండా చేయమని నోటితో చెప్పి ఊరుకోకండి, కాగితం మీద రాయించండి. అడక్కపోతే వాళ్లు ముందు చేసే పని రీసెట్టే.

ప్రశ్న: ఫోన్ ఎప్పుడు ఆన్ చేసినా ఫాస్ట్‌బూట్ స్క్రీన్‌కే వెళ్తోంది. స్టార్ట్ నొక్కితే ఒక్కోసారి ఆన్ అవుతుంది, రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే. సాఫ్ట్‌వేర్ పాడైందా?

జవాబు: నాకు ముందు అనుమానం వాల్యూమ్ డౌన్ బటన్ మీదే. చాలా ఫోన్లలో ఆన్ అయ్యే క్షణంలో ఆ బటన్ నొక్కి ఉంటే ఫాస్ట్‌బూట్‌కి, అంటే కంప్యూటర్ నుంచి బూట్‌లోడర్‌కి కమాండ్లు ఇచ్చే మోడ్‌కి వెళ్తుంది. కవర్ బిగుతుగా ఉన్నా, బటన్ కింద దుమ్మో చెమ్మో చేరినా, కిందపడి ఫ్రేమ్ కాస్త వంగినా ఫోన్ మాత్రం మీరే నొక్కారనుకుంటుంది. కవర్ తీసేసి, బటన్ నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి వదిలి, మళ్లీ ఆన్ చేసి చూడండి. ఫాస్ట్‌బూట్ మెనూ మీరు ముట్టుకోకుండానే తనంతట తాను మారుతోందంటే ఇక సందేహం అక్కర్లేదు, బటన్ రిబ్బన్ మార్పిస్తే సరిపోతుంది. ఫోన్ అడక్కుండానే సేఫ్ మోడ్‌లో ఆన్ అవుతోందని రాసిన మరో పాఠకురాలికి కూడా ఇదే జవాబు, అక్కడా చాలా ఫోన్లలో కారణం ఆ బటనే.

మీది పిక్సెల్ అయితే ఫాస్ట్‌బూట్ తెర మీద చిన్న అక్షరాల్లో 'ఎంటర్ రీజన్' అనే వరుస ఉంటుంది. జనం దాన్ని పట్టించుకోరు గానీ అసలు సంగతి అక్కడే ఉంది. 'కాంబో కీ' అని ఉంటే బటన్ వల్ల వచ్చినట్టు. 'నో వ్యాలిడ్ స్లాట్ టు బూట్' అని ఉంటే పైన చెప్పిన రెండు స్లాట్లూ లేవలేని స్థితిలో ఉన్నట్టు, అది సాఫ్ట్‌వేర్ సమస్యే. అన్‌లాక్ అయిన ఫోన్‌లో 'ఫాస్ట్‌బూట్ సెట్ యాక్టివ్' కమాండ్‌తో రెండో స్లాట్‌కి మార్చి చూడొచ్చు. లాక్‌లో ఉన్న ఫోన్లు మామూలుగా దానికి ఒప్పుకోవు, కాబట్టి రికవరీ తెరుచుకుంటే సైడ్‌లోడ్, లేదంటే సర్వీస్ సెంటర్.

ప్రశ్న: డెవలపర్ ఆప్షన్స్‌లో ఓఈఎం అన్‌లాకింగ్ బూడిద రంగులో ఉంది, నొక్కితే కదలడం లేదు. డబ్బు తీసుకుని కోడ్ ఇచ్చేవాళ్లు ఉన్నారట, తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ముందు మామూలు కారణాలు చూసుకోండి. నెట్ ఆన్‌లో ఉందా? కొన్ని ఫోన్లు ఒకసారి కంపెనీ సర్వర్‌తో మాట్లాడాకే ఆ స్విచ్‌ని కదలనిస్తాయి. ఫోన్ నెట్‌వర్క్ కంపెనీ ద్వారా వచ్చిందా? అమెరికాలో వెరైజన్ అమ్మిన పిక్సెల్ ఫోన్లలో ఆ స్విచ్ ఎప్పటికీ కదలదు, అదే మోడల్ గూగుల్ నేరుగా అమ్మినదైతే కదులుతుంది. ఆఫీసువాళ్లు ఇచ్చిన ఫోన్ అయితే వాళ్ల అడ్మినే ఆపి ఉండొచ్చు.

ఇక కంపెనీల పద్ధతులు తలో రకం. పిక్సెల్‌లో స్విచ్ ఆన్ చేసి, ఫాస్ట్‌బూట్‌లో 'ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ అన్‌లాక్' కొట్టి, ఫోన్ మీద బటన్‌తో సరే అంటే అయిపోతుంది. మోటరోలా అయితే ఫోన్ ఇచ్చే పొడవాటి డేటాని వాళ్ల వెబ్‌సైట్‌లో పెడితే, అన్‌లాక్‌కి అర్హత ఉన్న మోడల్‌కి కోడ్ మెయిల్‌లో వస్తుంది. షావోమీలో అకౌంట్ కలిపి, వాళ్ల టూల్‌లోనే చేయాలి, చాలామందికి కొన్ని రోజులు ఆగమని చూపిస్తుంది. ఆ గడియారం నడుస్తుండగా అకౌంట్ తీసి మళ్లీ పెట్టారంటే లెక్క మొదటికొచ్చే అవకాశం ఉంది, ఓపిక పట్టండి. హువావే 2018లోనే కోడ్లు ఇవ్వడం మానేసింది. కంపెనీయే తలుపు మూసేసినచోట బయటివాళ్లు అమ్మే కోడ్లకి డబ్బు పెట్టొద్దు, ఇంక రిమోట్‌లో చేస్తాం కంప్యూటర్ మా చేతికివ్వండి అంటే ఆ మాట అక్కడే ఆపేయండి. ఫోన్ కొనేముందే ఆ మోడల్ అన్‌లాక్ అవుతుందో లేదో చూసుకోవడం ఒక్కటే నికరమైన దారి.

ప్రశ్న: ఫాస్ట్‌బూట్ కమాండ్ కొడితే 'వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్' అని ఆగిపోతోంది. ఏడీబీ మాత్రం బాగానే పనిచేస్తోంది.

జవాబు: విండోస్ వాడుతున్నట్టున్నారు. ఫోన్ మామూలుగా ఆన్‌లో ఉన్నప్పుడు ఒక పరికరంలా, ఫాస్ట్‌బూట్‌లో ఇంకో పరికరంలా విండోస్‌కి కనిపిస్తుంది, అందుకే ఏడీబీ డ్రైవర్ ఉన్నా దీనికి మళ్లీ కావాలి. ఫోన్‌ని ఫాస్ట్‌బూట్‌లో ఉంచే డివైస్ మేనేజర్ తెరవండి, పసుపు గుర్తుతో ఒక పేరు కనిపిస్తే దానికి గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్‌నో మీ కంపెనీ డ్రైవర్‌నో చూపించండి. అప్పుడు 'ఫాస్ట్‌బూట్ డివైసెస్' కొడితే సీరియల్ నంబర్ రావాలి. రాకపోతే కేబుల్ మార్చండి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు చాలా ఉంటాయి, హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్ పోర్ట్‌కే పెట్టండి. లినక్స్‌లో అయితే అది చాలావరకు అనుమతుల సమస్యే. ఫోన్ శామ్‌సంగ్ అయితే ఈ తిప్పలేవీ పడొద్దు, వాటిలో ఫాస్ట్‌బూట్ బదులు డౌన్‌లోడ్ మోడ్ ఉంటుంది, దాని దారి వేరు.

ప్రశ్న: అన్‌లాక్ చేసి కస్టమ్ రోమ్ (కంపెనీది కాకుండా వేరేవాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్) వేసుకున్నాను. ఆన్ చేసినప్పుడల్లా నారింజ రంగు హెచ్చరిక వస్తోంది, బ్యాంక్ యాప్ తెరుచుకోవడం లేదు, సినిమాలు మసగ్గా వస్తున్నాయి. మళ్లీ లాక్ చేసేస్తే పోతుందా?

జవాబు: ఇప్పుడున్న స్థితిలో లాక్ కమాండ్ మాత్రం కొట్టకండి, దయచేసి. లాక్‌లో ఉన్న బూట్‌లోడర్ తనకి తెలిసిన సంతకం ఉన్న సిస్టమ్‌నే లేపుతుంది. లోపల కస్టమ్ రోమ్ ఉండగా లాక్ చేస్తే అది సంతకం చూసి, సరిపోక, ఎర్ర హెచ్చరిక చూపించి ఆగిపోతుంది. అప్పుడు సిస్టమ్ లేవదు, అది లేవకపోతే ఓఈఎం స్విచ్‌ని చేరలేరు, ఆ స్విచ్ ఆఫ్‌లో ఉంటే మళ్లీ అన్‌లాక్ కూడా కాదు. బాగున్న ఫోన్‌ని చేజేతులా చంపుకునే దారుల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే.

లాక్ చేయాలనుకుంటే ముందు మీ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన పూర్తి స్టాక్ ఫర్మ్‌వేర్, అంటే కంపెనీ అసలు సాఫ్ట్‌వేర్ వేయండి. అది మామూలుగా ఆన్ అయి, సెట్టింగ్స్ దాకా వెళ్లి, ఓఈఎం అన్‌లాకింగ్ ఇంకా ఆన్‌లోనే ఉందని కళ్లారా చూశాకే లాక్ చేయండి. లాక్ చేసినా డేటా మళ్లీ చెరిగిపోతుంది, బ్యాకప్ తీసుకోండి. గ్రాఫీన్ ఓఎస్ లాంటి రోమ్‌లు పిక్సెల్‌లో తమ సొంత తాళంచెవిని ఎక్కించి, దానితో లాక్ చేసుకునేలా తయారయ్యాయి, అప్పుడు హెచ్చరిక పసుపు రంగులో వస్తుంది. అన్ని రోమ్‌లకీ ఆ వీలు ఉండదు.

మీరు చెప్పిన మూడు ఇబ్బందులకీ మూలం ఒకటే. అన్‌లాక్ అయిందని ఫోన్ దాచుకోదు. బ్యాంక్ యాప్ ప్లే ఇంటిగ్రిటీ అనే గూగుల్ తనిఖీ ద్వారా ఫోన్ నమ్మదగినదేనా అని అడుగుతుంది, జవాబు నచ్చక ఆగిపోతుంది. సినిమా యాప్‌లకి వైడ్‌వైన్ అనే రక్షణ ఎల్1 స్థాయిలో ఉంటేనే హెచ్‌డీ వస్తుంది, చాలా ఫోన్లలో అన్‌లాక్ తర్వాత అది ఎల్3కి పడిపోతుంది. స్టాక్‌కి వచ్చి లాక్ చేస్తే ఇవి మామూలుగా తిరిగొస్తాయి. శామ్‌సంగ్ విషయం వేరు, అందులో నాక్స్ అనే ఫ్యూజ్ ఒకసారి ఎగిరిందంటే శాశ్వతం, తర్వాత ఎంత పద్ధతిగా లాక్ చేసినా సెక్యూర్ ఫోల్డర్ లాంటివి ఆ ఫోన్‌లో మళ్లీ రావు. ఇది ముందే తెలిసి, సరే పోతే పోనీ అనుకుంటేనే శామ్‌సంగ్ మీద చెయ్యి వేయాలి. రోజూ బ్యాంకు పనులు చేసే ఒకే ఒక్క ఫోన్‌ని అన్‌లాక్ చేయమని నేనెవరికీ చెప్పను. పాత ఫోన్ పక్కన ఉంటే, కంపెనీ అప్‌డేట్లు ఆగిపోయి ఉంటే, లీనియేజ్ ఓఎస్ అనే కస్టమ్ రోమ్ వేసి దానికి ఇంకొన్నేళ్లు ఆయుష్షు ఇవ్వండి, అది నిజంగా మంచి పని.

ప్రశ్న: పాత వెర్షనే బాగుందని వెనక్కి ఫ్లాష్ చేశాను. ఇప్పుడు తెర పూర్తిగా నల్లగా ఉంది, ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. కంప్యూటర్‌కి పెడితే క్యూడీలోడర్ 9008 అని చూపిస్తోంది.

జవాబు: దాన్ని ఈడీఎల్ మోడ్ అంటారు. క్వాల్‌కామ్ చిప్ బూట్‌లోడర్‌ని కూడా లేపలేక, తన లోపలే శాశ్వతంగా ఉన్న చిన్న ప్రోగ్రామ్ దగ్గర ఆగిపోయి, బయటి నుంచి సాయం కోసం చూస్తోంది. కంప్యూటర్‌కి కనిపిస్తోందంటే చిప్ బతికే ఉంది. అయితే ఆ స్థితి నుంచి లేపడానికి కంపెనీ సంతకం చేసిన ఫైర్‌హోస్ ఫైల్ (ఆ స్థితిలో ఫోన్‌లోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించే ప్రోగ్రామ్) మీ మోడల్‌దే కావాలి, కొన్ని కంపెనీలకైతే అనుమతి ఉన్న అకౌంట్ కూడా కావాలి. సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి.

కారణం బహుశా యాంటీ రోల్‌బ్యాక్. భద్రతా లోపాలున్న పాత బూట్‌లోడర్‌ని మళ్లీ వేయకుండా ఫోన్ లోపల ఒక అంకె పెరుగుతూ పోతుంది, దానికంటే చిన్న అంకె ఉన్నది వేస్తే లేవదు. 2022లో ఆండ్రాయిడ్ 13 వచ్చినప్పుడు పిక్సెల్ 6, 6 ప్రో, 6ఏ ఫోన్లకి గూగుల్ ఇదే చేసింది, 13 ఎక్కాక తిరిగి 12కి రావడం కుదరదని ముందే హెచ్చరించింది కూడా. వెనక్కి వెళ్లేముందు మీ మోడల్‌కి ఈ సంగతి ఉందో లేదో చదవండి. ఇది ఇతర పాఠకుల కోసం కూడా చెబుతున్నాను.

ప్రశ్న: రికవరీకి వెళ్తే పడుకున్న ఆండ్రాయిడ్ బొమ్మ, 'నో కమాండ్' అని వస్తోంది. పాడైందా?

జవాబు: లేదండి, రికవరీ వచ్చేసినట్టే. పవర్ బటన్ నొక్కి పట్టుకుని, వాల్యూమ్ అప్ ఒక్కసారి నొక్కి వదలండి, మెనూ కనిపిస్తుంది.

ప్రశ్న: వాడిన ఫోన్ కొన్నాను. రీసెట్ చేశాక పాత యజమాని గూగుల్ అకౌంట్ అడుగుతోంది. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే ఈ గొడవ పోతుందా?

జవాబు: పోదు. అది 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్, దొంగ ఫోన్లు పనికిరాకుండా చేయడానికే పెట్టారు. అది దాటి సెట్టింగ్స్‌లోకి వెళ్తేనే ఓఈఎం స్విచ్ దొరుకుతుంది కాబట్టి మీరనుకున్న దారి మొదట్లోనే మూసుకుపోయింది. అమ్మినాయన్ని పిలిచి, ఆ ఫోన్ మీదే తన అకౌంట్‌తో లాగిన్ అయ్యి, తర్వాత సెట్టింగ్స్‌లో అకౌంట్ తీసేసి, మీ కళ్లముందే రీసెట్ చేసివ్వమనండి. ఆయన కుదరదంటే, లేదా ఆ అకౌంట్ ఎవరిదో తనకే తెలియదంటే, ఫోన్ తిరిగిచ్చేసి మీ డబ్బు మీరు తీసుకోండి.