51,923 రూపాయల కోసం జూన్ దాకా ఆగాలా?

ప్రశ్న: శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని. వయసు 34. 2021 జూన్‌లో చేరాను. రోజూ ఆమదాలవలస నుంచి బస్సులో వెళ్లొస్తాను. జీతం 32,000, చేతికి వచ్చేది 29,800. మా ఆయన సిమెంటు షాపులో లెక్కలు రాస్తారు, 17,000 ఇస్తారు. స్టడీ అవర్స్ అని రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంచేస్తున్నారు. వేసవిలో అడ్మిషన్ల టార్గెట్ ఉంటుంది, పిల్లల్ని చేర్పించినవాళ్లకే ఏప్రిల్, మే జీతాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. మొన్న కనుమ నాడు కూడా వాట్సాప్ గ్రూపులో నా సెక్షన్ మార్కులు పెట్టి అందరి ముందూ తిట్టారు. మానేద్దామంటే మా అత్తయ్య "నెలజీతం ఒదిలేస్తే ఏటి తింతారమ్మా" అంటున్నారు. జూన్ దాటితే అయిదేళ్లు నిండి, మానేసేటప్పుడు యాజమాన్యం ఇచ్చే గ్రాట్యుటీ వస్తుందని తోటివాళ్లు చెబుతున్నారు. అప్పటిదాకా ఓర్చుకోవాలా?

జవాబు: అమ్మా, ఉత్తరం కంటే ముందు మీరు పంపిన పాస్‌బుక్ పేజీలు చూశాను. జీతం పడిన తేదీల కింద పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ వచ్చాను. మొదటి ఏడాది 1, 2, 1. ఆ తర్వాత 5, 9. కిందటి ఆగస్టులో 17. నవంబరు జీతం పడింది డిసెంబరు 26న. తిట్లు, టార్గెట్ల గురించి చెబితే "ఎక్కడైనా అంతే" అనేవాళ్లు ఉంటారు. జీతం తేదీ దగ్గర ఆ మాట చెల్లదు. చెప్పిన రోజుకి జీతం ఇవ్వని చోట మిగతా మాటలూ నిలబడవని ఇన్నేళ్లలో నేను చాలా ఇళ్ల లెక్కల్లో చూశాను.

ఉత్తరం ఆఖర్న మీరు ఒక మాట రాసి కొట్టేశారు, కానీ కనిపిస్తూనే ఉంది: పొద్దున్న రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కుతున్నాను, సీట్లు లేక కాదు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నేనూ ఒకప్పుడు బోనస్ చేతికొచ్చేదాకా అని ఒక ఆఫీసులో ఏడాదిన్నర ఎక్కువ ఉండిపోయాను. వచ్చిన బోనస్ కంటే ఆ తర్వాత మందులకీ డాక్టర్లకీ పెట్టిందే ఎక్కువ. అందుకే నేరుగా చెబుతున్నాను. రేపే మానేయకండి, జూన్ దాకా ఆగకండి. పబ్లిక్ పరీక్షలు కానిచ్చి మార్చి 31తో బయటికి రండి.

ముందు గ్రాట్యుటీ సంగతి. ప్రైవేటు టీచర్లకు, లెక్చరర్లకు గ్రాట్యుటీ లేదని చాలామంది అనుకుంటారు, మేనేజ్‌మెంట్లు కూడా అలాగే చెబుతాయి. అది తప్పు. 2009లో చట్టం సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా టీచర్లకూ ఆ హక్కు ఇచ్చారు. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ సరైనదేనని చెప్పింది. పర్మినెంటు ఉద్యోగికి అయిదేళ్ల సర్వీసు ఉండాలన్న రూలు ఇప్పటికీ ఉంది. మీ బేసిక్ 18,000. దాన్ని 15తో హెచ్చించి, 26తో భాగించి, అయిదేళ్లకు లెక్కేస్తే 51,923 రూపాయలు. మీరు ఓర్చుకోవాలా అని అడుగుతున్నది ఈ మొత్తం కోసమే.

దీన్ని ఏప్రిల్, మే నెలల పక్కన పెట్టి చూడండి. ఇల్లిల్లూ తిరిగే నెలలవి, జీతం వస్తుందో రాదో తెలియని నెలలు. పైగా లెక్చరర్ల కోసం మిగతా కాలేజీలు వెతుక్కునేది కూడా అప్పుడే. జూన్ మధ్యలో అయిదేళ్లు నిండాక మీరు బయటికి వస్తే అప్పటికే అన్నిచోట్లా సెక్షన్లు పంచేసి ఉంటారు. 51,923 కోసం ఒక ఏడాది ఉద్యోగం చేజారే ప్రమాదం ఉంది.

అలాగని ఆ డబ్బు మీద పూర్తిగా ఆశ వదులుకోనక్కర్లేదు. అయిదో ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే అయిదేళ్లు నిండినట్టేనని మద్రాసు హైకోర్టు ఒక కేసులో చెప్పింది. మార్చి ఆఖరుకి మీకు ఆ రోజులు దాటిపోతాయి. కోర్టులన్నీ దీని మీద ఒకే మాట మీద లేవు, మీ మేనేజ్‌మెంట్ కాదనొచ్చు కూడా. దరఖాస్తు మాత్రం పెట్టండి, ఇవ్వకపోతే లేబర్ ఆఫీసుకు వెళ్లండి. ఇంటి లెక్కలో మాత్రం దాన్ని సున్నా అనుకోండి.

ఇప్పుడు అత్తయ్యగారి ప్రశ్న. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న, జవాబు అంకెల్లోనే చెప్పాలి. హెల్త్ పాలసీ ప్రీమియం వాటాతో కలిపి మీ ఇంటి ఖర్చు 20,000. పిల్లల ఫీజులు 3,500, అత్తయ్యగారి మందులు 2,500, బంగారం లోను వడ్డీ 1,100, పాడేసుకున్న చీటీకి 10,000. మొత్తం 37,100. మీ ఆయన జీతం 17,000 పోను నెలకు 20,100 లోటు. మీ చేతిలో 1,10,000 ఎఫ్‌డీ ఉంది. జనవరి, ఫిబ్రవరి జీతాల నుంచి నెలకు 9,700 చొప్పున మిగిల్చితే 1,29,400 అవుతుంది. మార్చి జీతం ఎగ్గొడతారనే అనుకుందాం. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలల లోటు 1,20,600. మీరు ఒక్క రూపాయి కూడా సంపాదించకపోయినా ఆగస్టు ఆఖరుకి 8,800 మిగులుతుంది. చీటీ కూడా ఆ నెలతోనే అయిపోతుంది, అక్కడి నుంచి లోటు సగానికి పడిపోతుంది.

బొటాబొటీగానే ఉంది, నిజమే. ఇంట్లో ఒక పెళ్లో, ఒక ఆసుపత్రి ఖర్చో వస్తే ఈ లెక్క తారుమారవుతుంది. కాబట్టి ఏప్రిల్ నుంచి ఇంటి దగ్గర ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ మొదలుపెట్టండి. ఈఏపీసెట్, నీట్ రాసే పిల్లలున్న ఇళ్లకు మీ పేరు తెలుసని మీరే రాశారు. నలుగురైదుగురు పిల్లలు వచ్చినా పాలు, కూరగాయలు, మందులు గడిచిపోతాయి. ఎఫ్‌డీని మొత్తంగా ఉంచకుండా, బ్యాంకుకు వెళ్లి ఇప్పుడే ఇరవై వేల చొప్పున విడగొట్టించండి. అప్పుడు నెలకొకటి తీసుకున్నా మిగతా వాటి వడ్డీ దెబ్బతినదు. చీటీ మాత్రం ఒక్క నెల కూడా ఆపకండి. పాడుకున్నాక ఎగ్గొడితే జామీను ఉన్నవాళ్ల మీద పడతారు, మీకు జామీను ఉన్నది మీ అన్నయ్య.

పీఎఫ్‌ను తాకొద్దు. మీ జీతంలో 15,000 మీదే పీఎఫ్ కోత కాబట్టి వడ్డీతో కలిపి లక్షా యాభై వేల చిల్లర ఉండాలి. అయిదేళ్లు నిండకుండా తీసుకుంటే పన్ను పరిధిలోకి వస్తుంది. కొత్త ఉద్యోగంలో చేరి అదే యూఏఎన్‌కు (మీ పీఎఫ్ నంబరుకు) బదిలీ చేయించుకుంటే పాత సర్వీసు కూడా కలిసి వస్తుంది. పెన్షన్‌కు కావలసిన పదేళ్లలోనూ ఈ నాలుగున్నరేళ్లు లెక్కకొస్తాయి. ఈ ఆదివారమే పీఎఫ్ పాస్‌బుక్ డౌన్‌లోడ్ చేసి ప్రతి నెలా జమ ఉందో లేదో చూడండి. కొన్ని కాలేజీలు ఏటా మే నెలలో మానేసినట్టు, జూన్‌లో కొత్తగా చేరినట్టు కాగితాలు రాయించుకుంటాయి. అలాంటి కాగితం మీద మీరు సంతకం చేసి ఉంటే గ్రాట్యుటీ దగ్గర చిక్కు వస్తుంది, నాకు మళ్లీ రాయండి.

సర్టిఫికెట్లు మీ సొంతం. వాటిని తాకట్టు వస్తువుల్లా పెట్టుకునే హక్కు యాజమాన్యానికి లేదు. రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే వకీలుతో నోటీసు ఇప్పించండి, అప్పటికీ ఇవ్వకపోతే పోలీసు ఫిర్యాదు. చేరేటప్పుడు రాయించుకున్న బాండు కాగితంలో "విద్యా సంవత్సరం మధ్యలో మానేస్తే మూడు నెలల జీతం కట్టాలి" అని ఉంది. బాండ్లేవీ చెల్లవని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒక ప్రభుత్వ బ్యాంకు ఆఫీసరు రాసిన రెండు లక్షల బాండు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మార్చి ఆఖరు దాకా ఉండమన్నది కొంత అందుకే. పరీక్షలయ్యాక వెళ్తే మధ్యలో మానేశారనడానికి వాళ్లకు ఆధారం ఉండదు. మీ సెక్షన్ పిల్లల్ని వదిలేశానన్న బాధ కూడా మీకు ఉండదు.

నోటీసు నెల రోజులు కాబట్టి లెటర్ మార్చి 1 లోపు వాళ్లకు చేరాలి. ఈసారి మార్చి 1 ఆదివారం. ఫిబ్రవరి 28 శనివారమే ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయబోమంటే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, ఈమెయిల్ కూడా పెట్టండి. కారణాలు రాయొద్దు, ఎవరి పేరూ ఎత్తొద్దు. చివరి పనిదినం మార్చి 31 అని రాస్తే చాలు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ప్రకారం, రాజీనామా చేసిన ఉద్యోగికి జీతం బాకీ రెండు పనిదినాల్లో తీర్చాలి. ఆ గడువు దాటితే లేబర్ ఆఫీసులో చూపించడానికి ముద్ర ఉన్న ఆ కాపీ కావాలి. దాన్ని అత్తయ్యగారి దగ్గర పెట్టండి. ఈ లెక్క కాగితం కూడా దానితో పాటు ఆవిడకు ఇచ్చి, నెలనెలా ఎంత ఖర్చయిందో ఆవిడ చేతే రాయించండి.