సెబీ ఏకపక్ష ఉత్తర్వు: ముందు అప్పీలు, ఆ తర్వాతే ఎఫ్‌డీ

ప్రశ్న: నేను గుంటూరులో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. నా డీమ్యాట్ ఖాతాను (షేర్లు ఉంచుకునే ఖాతా) మేనల్లుడు నడిపేవాడు. ఒక చిన్న కంపెనీ షేరు ధరను కృత్రిమంగా పెంచిన కేసులో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నాకు 5 లక్షల రూపాయల జరిమానా వేసిందని, బ్యాంకు ఖాతా స్తంభించాకే తెలిసింది. నోటీసులు ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటికి వెళ్లాయి. ఇక్కడి కోర్టులో దీన్ని రద్దు చేయించుకోవచ్చా? 9 లక్షల ఎఫ్‌డీ తీసి కోడలి పేరున వేయమంటారా?

జవాబు: సివిల్ దావాలో ఏకపక్ష డిక్రీ (ప్రతివాది హాజరు కాకుండానే ఇచ్చిన తీర్పు) వస్తే అదే కోర్టులో 30 రోజుల్లోగా రద్దు కోరవచ్చు గానీ, సెబీ ఉత్తర్వుల విషయంలో సివిల్ కోర్టులకు అధికారం లేదు. ముంబయిలోని సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కే మీరు వెళ్లాలి. ఉత్తర్వు ప్రతి అందిన నాటి నుంచి 45 రోజులు గడువు. మీకు అసలు అందనే లేదు కాబట్టి ధ్రువీకృత ప్రతి వెంటనే తెప్పించుకుని, ఆలస్యాన్ని మన్నించమనే అభ్యర్థన కూడా అప్పీలుతో పాటే దాఖలు చేయించండి. న్యాయవాది గానీ, చార్టర్డ్ అకౌంటెంట్ గానీ మీ తరఫున హాజరు కావచ్చు.

ఇల్లు మారానని చెబితే సరిపోదు. డీమ్యాట్ సంస్థ నుంచి మీ క్లయింట్ మాస్టర్ లిస్ట్ (ఖాతాదారు వివరాల పత్రం) తెప్పించి, అందులోని ఈమెయిల్, ఫోన్ నంబరు ఎవరివో చూడండి; ఏజెంటుదో మేనల్లుడిదో అక్కడ కనిపించడం నాకు కొత్త కాదు. తిరిగివెళ్లిన స్పీడ్ పోస్టు కవరు, కొత్త ఇంటి అద్దె ఒప్పందం మీకు బలం. అయితే, పిలిచి ఉంటే ఏం చెప్పేవారని కూడా ట్రిబ్యునల్ అడుగుతుంది. ట్రేడింగ్ సొమ్ము ఎవరి ఖాతా నుంచి వచ్చి ఎవరికి చేరిందో చూపే బ్యాంకు స్టేట్‌మెంట్లే దానికి సమాధానం.

అప్పీలు నెగ్గినా, సాధారణంగా కేసు తాజా విచారణకు తిరిగి సెబీకే వెళుతుంది. మోసపూరిత ట్రేడింగ్ రుజువైతే సెబీ చట్టం 15హెచ్‌ఏ సెక్షన్ కింద కనీస జరిమానాయే 5 లక్షలు. అందుకే ఆ సొమ్ము మీది కాదనుకునే లెక్క వేసుకోండి. బకాయిపై నెలకు 1 శాతం, అంటే 5,000 రూపాయల వడ్డీ పడుతుంది; అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు, స్టే విడిగా అడగాలి, దానికి కొంత జమ చేయమనే షరతు రావచ్చు. ఎఫ్‌డీలో 6 లక్షలు దీనికి కేటాయించి, మిగిలిన 3 లక్షలను ఇంటి అత్యవసరాలకు ఉంచండి.

కోడలి పేరుకు మార్చే ఆలోచన మానుకోండి. బకాయి ఏర్పడ్డాక భార్యకు గానీ, కోడలికి గానీ తగిన ప్రతిఫలం లేకుండా బదిలీ చేసిన ఆస్తిని మీదిగానే పరిగణించి వసూలు చేసుకోవచ్చని సెబీ చట్టం 28ఏ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. పైగా మీ నిజాయతీపై లేని అనుమానం కలుగుతుంది.

డీమ్యాట్‌లో చిరునామా, ఈమెయిల్ ఈ వారమే మార్పించండి. లేకపోతే కొత్త విచారణ నోటీసు కూడా ఆ పాత ఇంటికే వెళుతుంది.