రఫ్ కట్‌లో ప్రేమ స్నేహంలా కనిపిస్తోందా: సమాధానం

"ఇద్దరమ్మాయిలూ మంచి ఫ్రెండ్స్ అనుకున్నాం, ముద్దు సీన్ ఊడిపడినట్టుంది" అని మీ ఇద్దరమ్మాయిల ప్రేమకథ రఫ్ కట్ (సినిమా మొదటి ముడి ఎడిట్) చూసినవాళ్లు అంటున్నారంటే, తప్పు స్క్రిప్టులో కాకపోవచ్చు. ఎడిట్ మాటల వెంట పరిగెడుతోంది: ఎవరు మాట్లాడితే వాళ్ల ముఖం. ప్రేమ తెలిసేది వింటున్న ముఖంలో.

1. సౌండ్ తీసేసి ముద్దుకు ముందు సీన్లన్నీ చూడండి. ఎవరు ముందు మనసు పడ్డారో తెలియకపోతే సమస్య అదే.

2. ఒక్కో సీన్ ఒకరి వైపు నుంచే నడపండి. మాట అవతలివాళ్లదైనా షాట్ వినే అమ్మాయి మీదే ఉండాలి. మాట అయ్యాక ఇంకో 24–36 ఫ్రేములు ఆగండి. 24 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకు 24 ఫ్రేములు) అది సెకను, సెకనున్నర.

3. అందరూ వదిలేసేది ఇదే: అవతలి అమ్మాయి గమనించనప్పటి చూపు. ఆమె వంగి చెప్పు పట్టీ సరిచేసుకుంటోంది. ఈమె చూపు ఆ మెడ మీద నిలిచి, ఆమె తలెత్తేలోపే పక్కకు తప్పుకుంటుంది. ముద్దుకు ముందు ఇలాంటివి కనీసం మూడు పెట్టండి. మూడోసారి మాత్రం తప్పించుకోకూడదు, దొరికిపోవాలి. రషెస్‌లో (ఎడిట్ చేయని షూటింగ్ ఫుటేజీలో) "యాక్షన్"కు ముందు, "కట్" తర్వాత కెమెరా ఆగని ముక్కలు వెతకండి. మాటల్లేని మంచి చూపులు చాలాసార్లు అక్కడే ఉంటాయి.

4. అలాంటి చూపులు దొరక్కపోతే సగం రోజు ప్యాచ్ వర్క్ (లేని షాట్లు మళ్లీ షూట్ చేయడం). పాత లెన్సే, అదే కెమెరా ఎత్తు, చూపు అదే దిశలో. ఆ గది నిశ్శబ్దం ఒక నిమిషం రికార్డ్ చేసుకోండి, లేదంటే కొత్త షాట్ దగ్గర సౌండ్ తెగినట్టు వినిపిస్తుంది.

బీజీఎం ఇవన్నీ కుదిరాకే వేయండి. ముందే వేస్తే ఎక్కడ ఖాళీ ఉందో మీకే కనపడదు.