నిప్పు గదిలోకి రాబోయే ముందు

నాన్నా,

మెల్‌బోర్న్ వదిలి మాల్టాలోనే ఉండిపోతావని, ఈ చలికాలం నుంచే మన ఊరి కామ్రా తన్-నార్‌లో పనికి దిగుతావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అందుకే నువ్వు రాకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కామ్రా తన్-నార్ అంటే నిప్పు గది, మన పండగ బాణసంచా తయారయ్యే చోటు. ఫ్యాక్టరీ అంటారు కానీ ఇక్కడ జీతాలుండవు. తాపీమేస్త్రీ, బ్యాంకు గుమాస్తా, బడి టీచరు, ఎవరి పని వాళ్ళు ముగించుకుని సాయంత్రాలు వస్తారు. చలికాలమంతా చేసింది ఎండాకాలంలో మన పునీతుడి పండగ రోజుల్లో ఆకాశంలోకి వెళ్ళిపోతుంది. జనావాసాలకు 183 మీటర్ల లోపు ఈ గది ఉండకూడదని చట్టం. లైసెన్సు లేనిదే బాణసంచా మందు ముట్టుకోనివ్వం, నా తమ్ముడి కొడుకువైనా సరే. మొదటి ఏడాది నీ చేతికిచ్చేది కాగితం, జిగురు, పురికొస.

దాన్ని చిన్న పని అనుకోకు. పైకెళ్ళి పేలే గుండును ముర్తాల్ అంటాం. దాని అందం సగం పురికొసలోనే ఉంది. చుట్టు ఒక పక్క బిగువుగా, ఇంకో పక్క వదులుగా పడిందంటే లోపలి మందు వదులుగా ఉన్న వైపే చీల్చుకుని పోతుంది. పువ్వు గుండ్రంగా విచ్చుకోదు, గిన్నె ఒరిగినట్టు ఒక పక్కకు ఒలికిపోతుంది. ఆగ్నేయం నుంచి ష్లోక్ గాలి వీచే రోజుల్లో తేమకు కాగితం ఆరదు. వారం పట్టినా ఆగాలి.

ఇక రహస్యాల సంగతి. నువ్వు ముందుగా అడిగేది అదేనని నాకు తెలుసు.

ఎరుపుకు స్ట్రాన్షియం, ఆకుపచ్చకు బేరియం, నీలానికి రాగి. ఇది బడిపిల్లలకూ తెలుసు. అసలు సంగతి పాళ్ళలో, నూరడంలో, ఓపికలో ఉంది. అన్నిటికంటే నీలం మొండిది. మంట వేడి కాస్త ఎక్కువైతే రాగి ఇచ్చే రంగు పాలిపోతుంది, తక్కువైతే వెలుగు చాలదు. ఆ రెంటి నడుమ రంగును నిలబెట్టడానికి మీ తాతయ్యకు పదకొండేళ్ళు పట్టింది. తూకాలు అంకెల్లో రాసుకునేవాడు కాదు, తనకే అర్థమయ్యే గుర్తులు పెట్టుకున్నాడు. తూచేటప్పుడు నన్ను కూడా బయటికి పంపి తలుపు వేసుకునేవాడు. ఆ గుర్తులేమిటో మంచం పట్టాక చెప్పాడు నాకు. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. అడగకు, నీకివ్వాల్సిన రోజున నేనే ఇస్తాను.

ఇలా దాచుకోవడం తప్పని నేను అనుకోను. పోటీ మన పండగలకు ప్రాణం. పక్కనే ఉన్న ఇమ్‌అబ్బా ఎంత ఊరు! అయినా పండగలు జరిపే బ్యాండ్ క్లబ్బులు రెండు, బాణసంచా ఫ్యాక్టరీలు రెండు. 2011 జూన్‌లో అక్కడి లిలీ ఫ్యాక్టరీ వాళ్ళు 32 మీటర్ల పైచిలుకు వ్యాసమున్న నిప్పు చక్రాన్ని తిప్పి గిన్నిస్ రికార్డు కొట్టారు. మనవాళ్ళు కాకపోయినా మనసారా మెచ్చుకున్నాను.

కానీ నాన్నా, రంగు దాచుకో, తప్పు దాచకు. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు మా గదిలో ఒక పెద్దాయన తను కలిపిన మందు గిన్నె వేడెక్కడం గమనించాడు. లోహపు పొడికి తేమ తగిలితే అలా అవుతుంది. మాకు చెబితే తను ఏం కలుపుతున్నాడో బయటపడుతుందని నోరు విప్పలేదు, గిన్నె పక్కకు జరిపి ఇంటికెళ్ళిపోయాడు. మర్నాడు ఆ గదిలోకి వెళ్ళింది నేను. నా ఎడమ చేతి వేళ్ళు రెండు ఎందుకు ముడుచుకోవని చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు అడిగావు. చేపల వలలో చిక్కుకున్నాయని అబద్ధం చెప్పాను. నిజం ఇది. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయనకు అలాగే నేర్పారు. నీకు మాత్రం అలా నేర్పను. గిన్నె వెచ్చబడినా, వాసన తేడా వచ్చినా, లెక్క తప్పినా వెంటనే కేక వెయ్యి. పక్క క్లబ్బు వాడు గుమ్మంలో నిలబడి వింటున్నా సరే. 2010 సెప్టెంబరులో గోజో ద్వీపంలోని ఆర్బ్‌లో ఒక్క పేలుడుకే ఆరుగురు పోయారు. ఆ ఏడాది మన గదిలో ఎవరికీ చెయ్యి ఆడలేదు.

మందులో వాడే క్లోరేట్ అనే రసాయనం ఉన్న చోటికి గంధకం రానివ్వకు. నైలాన్ బట్టలు వద్దు, ఫోన్ కారులోనే వదిలెయ్యి. మందు కలిపే గదిలో ఒక్కరే ఉండాలి, కలిపేది కొంచెమే కలపాలి. పోట్లాడి వచ్చిన రోజు, నిద్ర చాలని రోజు కాగితం పనికే పరిమితం అవ్వు. పండగ దగ్గరపడిందని తొందరపెడితే నాలుగు గుండ్లు తగ్గించుకుందామని ధైర్యంగా చెప్పు. పని బట్టలు ఇంట్లోకి తేకు. మన ఇళ్ళ దుమ్ములో పెర్‌క్లోరేట్ అనే బాణసంచా రసాయనం ఉందని మాల్టా విశ్వవిద్యాలయం వాళ్ళు కొలిచి చూపించారు, అది థైరాయిడ్‌కు మంచిది కాదు. ఆ మాటకు మా వయసు వాళ్ళు కొందరు నొచ్చుకున్నారు. నేను ఆ రోజు నుంచే గుమ్మం బయట బట్టలు మార్చుకుంటున్నాను.

శనివారం పొద్దున ఏడింటికి బ్యాండ్ క్లబ్బు దగ్గర ఉండు, నా వ్యాన్‌లో వెళదాం. నూలు చొక్కా వేసుకో. మీ పెద్దమ్మ ఇద్దరికీ రొట్టె, టమాటా కట్టిస్తానంది.

మీ పెద్దనాన్న