5000లో పాప బర్త్‌డే అవుతుందా అన్నారు కదా

అవుతుంది అక్కా, 15 మంది పిల్లలే కదా, హాల్ జోలికి పోకండి చాలు. మీ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద సాయంత్రం 4:30 నుంచి 6:30 దాకా పెట్టుకుంటే డిన్నర్ గోల ఉండదు, కేకుతో పాటు వేడి పునుగులు, మిక్చర్, నిమ్మరసం ఇస్తే సరిపోద్ది, కాకపోతే పిట్టగోడ దగ్గర ఎవరో ఒక పెద్దవాళ్ళు ఉండాలి. కేక్ కేజీన్నర చాలండీ, పిల్లలు క్రీమ్ నాకేసి వదిలేస్తారు (మా వాడికి 3 కేజీలు తెచ్చి వారం రోజులు మేమే తిన్నాం). యాంకర్ దండగ, కుర్చీలాట, స్పూన్‌లో నిమ్మకాయ, ఏడుపెంకులాట పెట్టండి, ఓడినోళ్ళకీ చాక్లెట్ ఇవ్వండి లేకపోతే ఏడుపులే. డెకరేషన్ సామాను, రిటర్న్ గిఫ్ట్స్ బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా తెచ్చుకోండి, బండి మాత్రం దూరంగా పెట్టి నడిచెళ్ళండి. పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరెయ్యండి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి.